ఎర్రగింజల రాయి

భీముడు రెండో రాయి తెచ్చేసరికి వైశాఖం వెళ్ళిపోతోంది. జీపు మా వాకిట్లోకి రాలేదు. దారి మలుపు దగ్గరే ఆగింది. నా గుమ్మం ముందుకు రావద్దని వాడికి చెప్పి ఏడాది దాటింది. ఆ మాట వాడు తప్పలేదు.

భీముడు నా భార్య రాజులమ్మకు తమ్ముడు. రాజులమ్మ అంతకుముందు ఏడాది చైత్రంలో చనిపోయింది. వాడి వల్ల చనిపోయింది.

మా కొండల్లో మనిషి పోతే రాయి నిలుపుతాం. ఆడమనిషి పోతే ఆ రాయిని పుట్టింటివాళ్ళు తేవాలి. అదీ పుట్టింటి కొండ మీదిదే కావాలి. ఏడాది తిరిగాక మెట్టినింటి ఊరి చివర నిలిపి, పుట్టింట్లో పెద్ద ఆడమనిషి దాని మొదట్లో గుప్పెడు కొర్రలు పోస్తుంది. తల్లి బతికుంటే తల్లే పోస్తుంది. అంతవరకు పోయిన మనిషి పెద్దల్లో కలవదు. పండగనాడు పెద్దలకు అన్నం పెట్టేటప్పుడు ఆ పేరు పిలవరు. ఆ ఏడు పండగకు మా ఇంట్లో అందరి పేర్లూ పిలిచారు. రాజులమ్మ పేరు పిలవలేదు.

తెచ్చిన రాయిని రాయి తెలిసినవాడు చూడాలి. అరచెయ్యి ఆనించి "నిలుస్తుంది" అనాలి. చుట్టుపక్కల ఊళ్ళకు ఆ పని నాది. నా ముందు మా నాన్నది. మేము రోళ్ళూ తిరగళ్ళూ కొట్టేవాళ్ళం. ఇప్పుడు ఊరూరా మిక్సీలే. అరకు రోడ్డు మీద టూరిస్టులు కొనుక్కునే అరచేతిలో పట్టే రోళ్ళు చేస్తున్నాను. వాటిలో వాళ్ళు ఏమీ నూరరు.

రాయిని తెలుసుకోవడం పెద్ద విద్యేం కాదు. కంటిని నమ్మకూడదు, అంతే. కాకిబంగారం బంగారంలా మెరుస్తుంది, గోటితో లేపితే పొరలుగా ఊడివస్తుంది. పలుగురాయిని మేకుతో గీస్తే మేకే అరుగుతుంది. పెన్సిలు రాయి వేలికి నల్లగా అంటుతుంది. సుద్ద నాలుకను పట్టుకుంటుంది. ఎండకూ వానకూ లోపల మెత్తబడి చచ్చిన రాయి మీద నోటి ఆవిరి ఊది వాసన చూస్తే తడిసిన మట్టి వాసన వస్తుంది. బతికిన రాయికి వాసన ఉండదు. సుత్తితో తడితే బతికినది మోగుతుంది, చచ్చినది గొణుగుతుంది.

నేను రాయిని నాలుకకు ఆనించినప్పుడల్లా రాజులమ్మ నవ్వేది. "రాళ్ళు నాకీ మొగుడు దొరికాడమ్మా నాకు. రాయిని ఇన్ని రకాలుగా సూత్తాడా, నన్ను సేసుకునేటప్పుడు సూపులకి కూడా రాలేదు, అన్నని అంపీసాడు" అని చుట్టాల ముందు అనేది. అది నిజమే.

ఆమె పుట్టింటి ఊరు బూరుగుమెట్ట. టైడా స్టేషనులో దిగి కొండెక్కాలి. ఆ కొండంతా ఎర్రగింజల రాయే, వేరే రాయి లేదు. మా అమ్మాయి కనక అరకులో ఇంటర్ చదివింది. ఆ రాయికి పుస్తకంలో ఇంగ్లీషు పేరుందని, ఈ కొండల్లో ఉండే మనుషుల పేరు మీదే పెట్టారని ఒకసారి చెప్పింది. మనుషుల పేరు రాయికెందుకు అన్నాను. అప్పుడు రాజులమ్మ బతికే ఉంది. రాయి పేరు మనుషులకి పెట్టడం లేదా, నీకు పెట్టొచ్చు అంది.

ఆ రాయిలో ఎర్రగింజలుంటాయి. వాటి చుట్టూ తెల్లది ఉంటుంది. ఎండకూ వానకూ ముందు చచ్చేది తెల్లదే. చచ్చి సుద్దవుతుంది. ఎర్రగింజ చావదు. ఎన్నేళ్ళైనా అంతే గట్టిగా ఉంటుంది. అందుకే చచ్చిన రాయి మీద కత్తి పెట్టినా అది ఎర్రగింజ మీద జారి, రాయి గట్టిదే అనిపిస్తుంది. ఎర్రగింజ అబద్ధం చెబుతుంది, తెల్లదాన్ని అడగాలి, గోటితో అడగాలి అని మా నాన్న నాకు చెప్పాడు. నేను భీముడికి చెప్పాను. వాడు పెళ్ళికి ముందు నా దగ్గరే పని నేర్చుకున్నాడు. చెయ్యి మంచిది. తొందరెక్కువ.

చైత్రంలో వచ్చే ఇటుకల పండగకు ముందు ఇళ్ళు అలుకుతారు. కింద ఎర్రమట్టి, పైన తెల్లమట్టి. ఆ తెల్లమట్టి ఎక్కడో కొనేది కాదు. కొండవారను చచ్చిన రాయిలోంచి తవ్వి తెచ్చుకునేదే. రాజులమ్మ తల్లి యర్రమ్మకు మోకాళ్ళు పట్టేశాయి. ఆమె ఇల్లు అలకడానికి రాజులమ్మ ఏటా పుట్టింటికి వెళ్ళేది. ఆ ఏడు వెళ్ళేసరికి పైపైన మట్టి అయిపోయింది. గట్టు కింద భీముడు గునపంతో లోపలికి తొలిచాడు. పైన చూరులా మిగిలిన రాయి మీద కత్తి పెట్టి గీశాడు. కత్తి జారింది.

"రాయే అక్కా. కదల్దు. బేగి తీసుకో" అన్నాడు.

ఈ మాట వాడే నాకు చెప్పాడు. దాచలేదు. రాజులమ్మ గంప పట్టుకుని లోపలికి వంగింది. చూరు దిగిపోయింది.

నేను వెళ్ళేసరికి బయటికి తీసి చాప మీద పడుకోబెట్టారు. జుట్టంతా తెల్లగా ఉంది. ముసలిదానిలా ఉంది. నేను ముందు ఆమె దగ్గరికి వెళ్ళలేదు. పడిన రాయి దగ్గరికి వెళ్ళాను. తెల్లదాని మీద గోరు పెట్టాను. వేలు మొదటి కణుపుదాకా దిగింది.

తెలియనివాడు చేస్తే పొరపాటు అంటారు. వాడికి తెలుసు. గోరు పెట్టడానికి ఎంతసేపు పడుతుంది?

మొదటి రాయి వాడు పుష్యంలో తెచ్చాడు. చూడ్డానికి బాగుంది, నిటారుగా ఉంది. నాలుక ఆనిస్తే పట్టుకుంది. తీసుకుపొమ్మన్నాను. ఊరివాళ్ళు నా మొహంలోకి చూశారు. కోపంతో అన్నాననుకున్నారు. ఉలి పెట్టి ఒక దెబ్బ వేశాను, మూల రాలి పిండైంది. అప్పుడు నోళ్ళు మూశారు.

ఈసారి జీపు రవిబాబుది. సంతరోజుల్లో మనుషుల్ని తిప్పుతాడు. ఊళ్ళో కుర్రాళ్ళంతా కలిసి రాయిని చెక్కల మీద దించి, ఊరి చివర చదును చేసిన చోటికి దొర్లించారు. నేను సుత్తి పట్టుకుని వెళ్ళాను. భీముడు దూరంగా నిలబడ్డాడు. కనక వాడి పక్కనే నిలబడింది.

"బావా, బేగి సూసీ. ఘాటీలో ఈ రాయి బరువుకి నా బండి ముందు సెక్రాలు గాల్లోకి లేచీసినాయి" అన్నాడు రవిబాబు. "అంత మంచం మీద పేసెంటుని సూసినట్టు సూత్తావేటి? ఊపిరాడతందా?"

నవ్వారు. నేను నవ్వలేదు.

సుత్తితో తట్టాను. మోగింది. చుట్టూ తిరిగి కింద, పక్కన, తలదగ్గర తట్టాను. ఎక్కడా గొంతు మారలేదు. నోటి ఆవిరి పట్టించి వాసన చూశాను. వాసన లేదు. నాలుక ఆనించాను. చల్లగా ఉంది, పట్టుకోలేదు. తెల్లదాని మీద గోరు పెట్టాను, గోరు విరిగింది. కత్తి పెట్టాను, కత్తి ఇనుము రాయి మీద బూడిదరంగు గీతై మిగిలింది, గంటు పడలేదు. తెల్లగుడ్డతో రుద్దాను, గుడ్డకు నలుపు అంటలేదు. నీళ్ళు చిలికితే బొట్లు బొట్లుగా నిలిచి జారిపోయాయి. ఎర్రగింజలు దానిమ్మ గింజల్లా మిలమిలలాడాయి. కాకిబంగారం రేకులన్నీ ఒకే వాలులో, నిలువునా ఉన్నాయి. అలా ఉన్న రాయి నిలబెడితే చీలదు.

బూరుగుమెట్ట కొండ మీద అలాంటి రాయి ఉంటుందనుకోలేదు.

"ఎక్కడిది?" అని కనకను అడిగాను. వాణ్ణి అడగలేదు.

"గెడ్డలోది నాన్నా. సచ్చిందంతా పారే నీళ్ళు తినీగా మిగిలిందట. మావయ్య శీతాకాలం నుంచీ గెడ్డలోనే ఉన్నాడు. ఒక్కో రాయికీ గోరు పెట్టుకుంటూ పైదాకా ఎల్లాడు."

అప్పుడు వాడి చెయ్యి చూశాను. కుడి బొటనవేలికి గోరు లేదు. ఆ చోట ఎర్రగా, మెత్తగా ఉంది. చూశాను. ఒక్క గోరు, ఒక్కసారి పెట్టి ఉంటే చాలు కదా అనుకున్నాను. 

అందరూ నా చేతివైపు చూస్తున్నారు. అరచెయ్యి ఆనించడమే మిగిలింది.

"ఒక వానాకాలం చూద్దాం" అన్నాను.

 ఆ పరీక్ష ఉంది. గుమ్మం కింద వేసే రాయికి మా నాన్న పెట్టేవాడు. గోటికీ సుత్తికీ అనుమానం తీరనప్పుడు ఆరుబయట పడేసి వానాకాలమంతా తడవనిస్తారు. లోపల చావు మొదలైతే వాన బయటపెడుతుంది. నాకు ఆ రాయి మీద అనుమానం లేదు. అయినా అన్నాను.

భీముడు మొదటిసారి నోరు విప్పాడు. "బావా, అమ్మకి బాగులేదు."

"రాయికి తొందర లేదు" అన్నాను.

"రాయికి లేదు బావా. అమ్మకే."

నేను సుత్తి తీసుకుని ఇంటికి వచ్చేశాను.

కనక నాతో అన్నం తినడం మానలేదు, మాట్లాడడం మానేసింది. కాఫీ పళ్ళు కొనే సంఘంలో తూకం దగ్గర పనిచేస్తుంది. పని కాగానే టైడా వైపు వెళ్ళే ఆటో ఎక్కి అమ్మమ్మ దగ్గరికి వెళ్ళిపోయేది. ఒకరోజు పొద్దున్నే నా చొక్కా తెచ్చి ఒళ్ళో పడేసింది.

"అమ్మమ్మ పిలస్తంది. రాపోతే అదే వత్తానంది. మంచంతో మోసుకొత్తారు. అప్పుడు ఊరంతా సూత్తాది, నీకు బాగుంటాదా?"

వెళ్ళాను. ఆ ఊళ్ళో అడుగుపెట్టి చాలాకాలమైంది. గట్టువైపు చూడలేదు. యర్రమ్మ ఇంటి గోడలు ఆ ఏడు కూడా అలకలేదు, రెండేళ్ళ కిందటి తెల్లమట్టి పెచ్చులుగా ఊడుతోంది. భీముడు నన్ను చూసి పెరటివైపు వెళ్ళిపోయాడు.

యర్రమ్మ మంచం మీద కూర్చునే ఉంది. పడుకుంటే ఊపిరి అందదట. రొమ్ము ఎగిరెగిరి పడుతోంది.

"కూకో అల్లుడా."

"ఫరవాలేదు అత్తా."

"కూకో. నిలబడితే నానేటి నిన్ను పరీచ్చ సేత్తానా?"

కూర్చున్నాను.

"రాయి మంచిదేనా?"

"వాన చూడాలి."

"గోరు పెట్టావట గదా. ఏటంది?"

విరిగిన గోరు గుప్పిట్లోకి ముడుచుకున్నాను.

"నాకు రాయి తెల్దు. మడిసి తెల్సు" అంది. "మంచిది కాపోతే ఆ రోజే తన్ని తగిలీసుందువు. ముందుదాన్ని తగలీలేదా?" కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "ఆనకాలం దాటనేను నాయనా. నా సేత్తో గుప్పెడు కొర్రలు పోసీనీ. దాని పేరు ఓపాలి పిలస్తే ఇనీసి ఎలిపోతాను. ఆ తరవాత బావాబామ్మర్దులు కొట్టుకుంటారో, సత్తారో మీ ఇష్టం."

"మీవాడు ఆ రోజు తొందరపడ్డాడు. నేను పడను" అన్నాను.

యర్రమ్మ నన్ను చాలాసేపు చూసింది. కోపంగా చూడలేదు. అలా చూసి ఉంటే తేలికగా ఉండేది.

"అది నా కూతురు. ఆడు నా కొడుకు. నాకు ఇద్దరూ కావాల. నీకు అలా కాదు, ఒకర్ని వొదిలీసుకోడం నీకు సులువు" అంది. గోడవైపు తిరిగింది. "ఎల్లు. ఆన వత్తంది, తడిసిపోతావు."

నిజంగానే వస్తోంది. దారిలోనే తడిశాను. అదే తొలి వాన.

ఆ వానాకాలం రోజూ పొద్దున రాయి దగ్గరికి వెళ్ళాను. కొండమీద మబ్బు దిగితే పక్కనున్న మనిషి కనపడడు. తడుముకుంటూ వెళ్ళి గోరు పెట్టేవాణ్ణి. ఒక్క చోటైనా దిగుతుందేమో అని పెట్టేవాణ్ణి. ఒక్క చుక్క తెల్లనీళ్ళు కారితే చాలు. వాడు మళ్ళీ తప్పాడని ఊరందరి ముందు చూపించేవాణ్ణి. నీళ్ళు కారాయి. తేటగా కారాయి. మెరక మీద ఉన్న నల్లరాళ్ళకు కూడా పాచి పట్టింది. ఆ రాయికి పట్టలేదు.

శ్రావణంలో కనకకు ఫోను వచ్చింది. అంబలి కాస్తోంది. పొయ్యి ఆర్పి, కుండ దించి, మూత పెట్టింది. అన్నీ చేశాక నావైపు తిరిగింది.

"అమ్మమ్మ పోయింది."

నేను లేచాను.

"ఏ రాయి ఎన్నాళ్ళు నిలస్తాదో సెప్తావు గదా నాన్నా. మడిసి ఎన్నాళ్ళు నిలస్తాదో నీకు తెల్దా? ఊపిరి సూసావు. వొళ్ళు సూసావు. ఎదురుగా కూకుని మరీ సూసావు. తెలిసే అన్నావు."

 నాకు తెలుసు.

ఆ రోజు ఇద్దరం ఒకే ఆటోలో వెళ్ళాం. కనక డ్రైవరు పక్కన కూర్చుంది. అక్కడ నేను పాడెకు భుజం ఇవ్వబోతే ఎవరో నెమ్మదిగా పక్కకు జరిపారు. ఎవరో చూడలేదు. చూసి చేసేదేముంది? అందరి వెనకాల నడిచాను. గెడ్డ పొంగి పారుతోంది. అక్కడి రాళ్ళన్నీ నీళ్ళ కింద ఉన్నాయి.

ఆశ్వయుజం వచ్చింది. వానలు వెనక్కి తగ్గాయి. వలిసెల చేలు పూసి మెట్టలు పసుపుపచ్చగా అయ్యాయి. టూరిస్టులు ఆ పూలలో ఫొటోలు దిగుతున్నారు. రాయి నిలపడానికి మంచిరోజు చూశారు. నన్ను అడగలేదు. కనక వచ్చి చెప్పింది.

గొయ్యి తవ్వి, అడుగున పలుగురాళ్ళు పరిచారు. తాళ్ళు కట్టి లాగారు. రవిబాబు ఆ రోజు జోకులు వెయ్యలేదు, "ఐసా" అనడానికి కూడా గొంతు ఎత్తలేదు. రాయి లేచింది. నిలువునా నిలబడింది. ఎండ పడి ఎర్రగింజలు వెలిగాయి. భీముడు చుట్టూ మట్టి కూరి, రాళ్ళు వేసి దిమ్మిస కొట్టాడు. చెమటతో ఒళ్ళంతా తడిసింది. తల ఎత్తి నావైపు చూశాడు.

ముందుకు వెళ్ళాను. ఇంక తట్టి చూడాల్సింది ఏమీ లేదు. అరచెయ్యి ఆనించాను.

"నిలుస్తుంది" అన్నాను.

కొర్రలు తెచ్చారు. చేట పట్టుకుని పుట్టింటి పెద్ద ఆడమనిషి ఎవరని అడిగారు. ఎవరూ లేరు. భీముడి పెళ్ళాం బయటి ఇంటి పిల్ల, పనికిరాదు. అలాంటప్పుడు ఏం చెయ్యాలో చెప్పే ముసలమ్మే పోయింది. కాసేపు అందరూ చేట చుట్టూ నిలబడ్డారు. చివరికి భీముడే గుప్పిట నింపి, వంగి పోశాడు. మగవాడు పొయ్యడం నేనెప్పుడూ చూడలేదు. గోరు లేని బొటనవేలు కిందికి గింజలు జారుతుంటే వాడు "అక్కా" అన్నాడు. తర్వాత అందరూ రాజులమ్మ పేరు పిలిచారు. కనక పిలిచింది. నేనూ పిలిచాను. ఆ పేరు నా నోటితో బయటికి అని చాలాకాలమైంది.

వచ్చినవాళ్ళకు అన్నాలు పెట్టారు. తిని ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు. భీముడు తాళ్ళు చుట్టుకుంటున్నాడు. దగ్గరికి వెళ్ళాను.

"మీ అమ్మకు రాయి చూడాలి గదా. అత్త పుట్టింటిది ఏ కొండ?" అన్నాను.

వాడితో ఏడాదిన్నర తర్వాత నేను అన్న మొదటి మంచి మాట అదే.

భీముడు తాడు ముడి వేసి, బిగించి, భుజాన వేసుకున్నాడు. వాడి మొహంలో కోపం లేదు. వాళ్ళమ్మ చూసినట్టే చూశాడు.

"మాయమ్మ రాయి నానే సూసుకుంటాను బావా. నువ్వు రాకు."

"రాయి తెలిసినవాడు చూడాలి."

"నాకు తెల్సు. నువ్వే నేర్పావు" అన్నాడు. "నువ్వు సూత్తే మళ్ళీ ఆనకాలం అంటావు. మా ఇంట్లో ఇంక ఆనకాలం దాకా ఆగీవోళ్ళు లేరు."

కనక చేట దులిపి, జీపులో పెట్టింది. మావయ్య పక్కన ఎక్కి కూర్చుంది. పొద్దున కట్టుకున్న బట్టలమూట ఆ జీపులోనే ఉందని అప్పుడు చూశాను. పండగ దాకా అక్కడే ఉంటానంది. ఏ పండగో చెప్పలేదు.  జీపు మలుపు తిరిగింది.

నేను రాయి దగ్గర ఉండిపోయాను. అది ఎటూ వంగలేదు. బాగా నిలిచింది.